ఖాళీ కాగితం మీద ముప్పై ఒక్క వేళ్లు

ముప్పై ఒక్క వేలిముద్రలు పడ్డాక గానీ ఆ కాగితం మీద ఏమీ రాసి లేదన్న సంగతి లింబాద్రికి గుచ్చుకోలేదు.

తొంభై ఒకటి జనవరి, శుక్రవారం. కువైట్ కోసం యుద్ధం మొదలై వారం దాటింది. సౌదీలో హఫర్ అల్ బాతిన్ ఊరి బయట, రేకుల షెడ్ల క్యాంపు మీదుగా విమానాలు తెరిపి లేకుండా ఉత్తరానికి పోతున్నాయి. పొద్దున్నే కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, జీపులో దిగాడు. సరిహద్దు వైపు రెండు గంటల దూరంలో నీళ్ల ట్యాంకులకు పునాదులు పొయ్యాలి, మధ్యాహ్నం మూడింటి అసర్ నమాజు కాగానే బస్సు వస్తుందన్నాడు. అందరూ ఇష్టపడే వెళ్తున్నట్టు కాగితం కావాలట. "టైపు మిషను ఆఫీసులో ఉంది. ముందు వేళ్లు వెయ్యండి, రాసేది తర్వాత రాస్తాం" అని తెల్ల కాగితం గుమాస్తా మస్తాన్ వలీ చేతిలో పెట్టాడు. బస్సుతో వచ్చి తీసుకుంటానని వెళ్లిపోయాడు.

ఎవరికీ వింతగా తోచలేదు. వేళ్లు వేసినవాళ్లంతా ఆర్మూరు వైపు వాళ్లు, అక్కడి పద్ధతే అది. పంచాయితీ కూర్చోగానే కాగితం అడుగున అందరి సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. మాట తెగాక పైన తీర్మానం రాస్తారు. క్యాంపులో పెద్దమనిషి రాజేశం మొదటి వేలు వేశాడు. లింబాద్రి మూడోవాడు. అందరూ వేసేశాక, వేలి సిరా గోడకు తుడుచుకుంటుంటే అతనికి అక్క గుర్తొచ్చింది.

ఆరేళ్ల కిందట, రోడ్డు మరమ్మతు కోసం అనుకుని ఊళ్లో ఇలాగే సంతకం పెట్టాడు. తెల్లారి చూస్తే పైన వేరే రాసి ఉంది: భోజన్న ఇంటికి ఎవరూ పోకూడదు, అతన్ని పనికి పిలవకూడదు. భోజన్న లింబాద్రికి సొంత బావ. ఎనిమిది నెలలు ఆ ఇంటి ముందు నుంచి తల దించుకుని నడిచాడు. అక్క ఒక్కసారే అడిగింది. "నీ చేత్తోనే పెట్టినవా తమ్మీ?"

"వలీ సాబ్, ఆ కాయితం ఇటియ్యుండ్రి. నా ఏలు చెరుపుకుంట" అన్నాడు లింబాద్రి.

వలీది కడప జిల్లా. క్యాంపులో అరబ్బీ చదవను రాయను వచ్చిన తెలుగువాడు అతనొక్కడే. "నీదొక్కటి చెరిపితే మిగతా ముప్పైమంది సంగతేందప్పా?"

రాజేశం కస్సుమన్నాడు. "బయమైతే ముసుగుతన్ని పండుకోరా. ముదీర్ ఏలడిగిండు, ఏసినం. పాస్‌పోర్టుల ముచ్చట, వాపస్ బస్సు ముచ్చట ఆడికి పోయినంక అడుగుదాం."

"ఆడికి పోయినంక ఎవల్నడుగుతవు కాకా? ఇసుకనా?"

నలుగురు నవ్వారు గానీ అందరికీ గుండెలో అదే ఉంది. పాస్‌పోర్టులన్నీ కంపెనీ బీరువాలో ఉన్నాయి. అక్కడ బాంబు పడి పరుగెత్తాల్సివస్తే, చేతిలో పాస్‌పోర్టు లేనివాణ్ణి ఏ చెక్‌పోస్టూ దాటనివ్వదు.

వలీ జేబులోంచి అరచేయంత పుస్తకం తీశాడు. నీళ్ల ట్యాంకరు దగ్గర ఒక అమెరికా సిపాయి ఇచ్చినది. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు వారాలుగా చదువుతున్నాడు.

"ఇది వాళ్ల రాజ్యాంగం. రెండొందల ఏండ్ల కిందట వాళ్లకీ ఈ తగాదానే వచ్చింది. పదమూడు రాష్ట్రాలు. తొమ్మిది ఒప్పుకుంటే చాలు, కాగితం నడుస్తుంది. సర్కారు ఏం చేయాలో అంతా రాసినారు. ఏం చేయగూడదో సరిగా రాయలేదు. ఇంట్లో జొరబడి సోదా చేయగూడదు, నోరు నొక్కగూడదు, ఇట్లాంటివి. ముందు అవి చేర్చండి, ఆనక ఒప్పుకుంటామని కొందరు. ముందు ఒప్పుకోండి, ఆనక చేరుద్దామని కొందరు."

"నా లెక్కనే!" రాజేశం తొడ చరిచాడు. "ఏం జేసిండ్రు మరి?"

"మసాచుసెట్స్ వాళ్లు ఒప్పుకున్నారు, చేర్చాల్సినవి ఇవని రాసి మరీ. ఉత్తర కరోలినా వాళ్లు మాత్రం ఒప్పుకోకుండా బయటనే కూర్చున్నారు."

"చేర్చిండ్రా?"

"చేర్చినారు. పది."

"ఇన్నవారా, లింబాద్రీ!"

"ఎన్నొద్దులకు?" అన్నాడు లింబాద్రి.

వలీ పేజీ తిప్పాడు. "కాగితం రాసినప్పట్నుంచి... నాలుగేండ్లు."

రేకులు అదిరేట్టు విమానం పోయింది. అది పోయేదాకా ఆగి లింబాద్రి మళ్లీ అడిగాడు. "వాళ్లకు కూలోళ్లు లేకుండెనా? కూలోళ్లకేం రాసిండ్రు?"

"కొనుక్కున్న బానిసలుండిరి. ఆ పదిలో వాళ్లకేమీ దక్కలేదప్పా."

రాజేశం తన నల్లటి బొటనవేలు కేసి చూసుకున్నాడు. చివరికి గొంతు తగ్గించి అన్నాడు. "ఆ కాయితం మీద ఇంకా జాగ ఉన్నది గద, వలీ సాబ్?"

వలీ పుస్తకం మూశాడు. "నా చేతిరాత ముదీర్‌కు తెలుసు."

ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఊళ్లో మసీదు నుంచి అసర్ అజాన్ వినపడింది. వలీ నమాజు చేసి వచ్చి, మంచం మీద పలక పెట్టుకుని పెన్ను మూత తీశాడు. పాస్‌పోర్టులు మా చేతికి ఇచ్చాక, తిరిగి తెచ్చే బస్సు మా దగ్గరే నిలిపాక ఉత్తరానికి వస్తాం. అరబ్బీలో అంతే రాశాడు.

"అచ్చరాలు పెద్దగ ఎయ్యుండ్రి," లింబాద్రి అతని భుజం మీంచి వంగాడు. "ఏలిముద్రలకూ రాతకూ నడుమ చీమ గూడ పట్టద్దు."

బస్సు వచ్చింది. ముదీర్ కాగితం చదివాడు, మళ్లీ చదివాడు. ఎవరు రాశారని అడిగితే వలీ చెయ్యెత్తాడు. రాజేశం లేచి నిలబడి, అందరం చెప్పిందేనని తనకొచ్చిన హిందీలో, "హమ్ సబ్ బోలా సాబ్" అన్నాడు. ముదీర్ ఫైలులోంచి ఇంకో తెల్ల కాగితం తీసి పెట్టె మీద పరిచాడు, పక్కనే సిరాడబ్బా పెట్టాడు. బస్సు ఇంజను ఆగకుండా మోగుతోంది. ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు.

ముదీర్ అరబ్బీలో గట్టిగా అరిచాడు. వలీ మెల్లగా చెప్పాడు. "అందరికీ పాస్‌పోర్టులో ఖురూజ్ ముద్ర కొట్టి, కొలువు తీసేసి ఇండియాకు తోలేస్తాడంట."

"తోలాల్నంటె పాస్‌పోర్టు ఇయ్యాల్నే గద!" అన్నాడు లింబాద్రి.

ఆ మాట మాత్రం వలీ అరబ్బీలో చెప్పలేదు.

బస్సు ఖాళీగా పోయింది. నాలుగో రోజు కంపెనీ నుంచి అట్టపెట్టెలో ముప్పై ఒక్క పాస్‌పోర్టులు వచ్చాయి. ఉత్తరానికి వాళ్లు మార్చిలో, యుద్ధం ఆగిపోయాక వెళ్లారు, పాస్‌పోర్టులు నడుముకు కట్టుకుని. వలీ మాత్రం వాళ్లతో లేడు. గుమాస్తా పని తీసేసి, బురైదాలో ఖర్జూరపు తోటకు పంపేశారు. పోతూ పోతూ ఆ చిన్న పుస్తకం లింబాద్రికిచ్చాడు. లింబాద్రికి ఇంగ్లీషు రాదు. పాస్‌పోర్టు అందులో పెట్టుకునేవాడు.

తర్వాత లింబాద్రి రియాద్‌లోని సులైలో గోదాముల మేస్త్రి అయ్యాడు. ఏ కాగితమిచ్చినా రాత అయిపోయిన చోటి నుంచి తన సంతకం దాకా ఉన్న ఖాళీ మీద అడ్డంగా గీత కొట్టేవాడు. ఆఫీసులో గుమాస్తా నవాజ్ తల పట్టుకునేవాడు.

"మేస్త్రీ, మళ్లీ ఫారం ఖరాబ్ చేసినవ్!"

"ఖరాబైతె ఇంకోటియ్యి," అనేవాడు లింబాద్రి, పెన్ను కింద పెట్టకుండానే. "దాని మీద గూడ గీస్త."