చెల్లికి పెళ్ళి కాలేదని

మా చెల్లికి పెళ్ళి కాలేదని ప్రభుత్వం చేత రాయించే పని నా నెత్తిన పడింది. అది ఐర్లండ్‌లో నర్సు. అక్కడి అబ్బాయినే చేసుకుంటానంది. వాళ్ళ రిజిస్ట్రారు ముందు నిలబడాలంటే, ఈ పిల్లకు సొంత ఊళ్ళో మొగుడెవడూ లేడని మన తహసీల్దారు సంతకం పెట్టిన కాగితం కావాలట. దాని మీద విదేశాంగ శాఖ ముద్ర పడాలి. అది సమయానికి చేరకపోతే వాళ్ళకిచ్చిన తేదీ పోతుంది. మళ్ళీ తేదీ దొరికేలోపు దీని వీసా గడువు అయిపోతుంది. ఒకసారి ఇంటికి వచ్చేస్తే తిరిగి వెళ్ళడం అంత సులువు కాదు.

"నువ్వే సూడాలప్పా" అంది ఫోన్లో. మా వైపు అక్కను అప్ప అంటాం. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, నాన్నకు ఆఫీసు గుమ్మం చూస్తేనే చెమటలు. ఇక నాకేమో కుళ్ళు. అసూయ అని మర్యాదగా రాయొచ్చు గానీ, నాలో ఉన్నదానికి కుళ్ళు అన్న మాటే సరిపోతుంది.

ఎందుకంటే దాని పెళ్ళికి ఇన్ని కావాలి. పుట్టినతేదీ సర్టిఫికెట్, పాస్‌పోర్టు నకళ్ళు, అమ్మానాన్నల ఆధార్, నోటరీ దగ్గర అఫిడవిట్. ఆ అబ్బాయి కూడా తనకు ఇంతకుముందు పెళ్ళి కాలేదని ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. రెండు దేశాల అధికారులు పని మానుకుని మా చెల్లి పెళ్ళి గురించి ఆలోచిస్తున్నారు. నా పెళ్ళికి శుభలేఖ తప్ప ఇంకో కాగితం లేదు. అందులోనూ నా పేరు పక్కన డిగ్రీ వేయించడం మరిచిపోయారు.

ఆ మాటకొస్తే నా పెళ్ళికొడుకు కూడా మొదట నావాడు కాదు. మా మేనమామ కొడుకు. మా ఇళ్ళల్లో పిల్ల పుట్టగానే మేనరికం మాట అనేసుకుంటారు. నాకూ అతనికీ నెలల తేడాయే ఉందని నన్ను వదిలేసి, చెల్లి పుట్టగానే దాన్ని అతనికి అనుకున్నారు. సెలవులకు టెక్కలి దగ్గర మామయ్య ఊరు వెళితే అందరూ దాన్ని బావ పక్కన కూర్చోబెట్టి నవ్వేవారు, నన్ను మంచినీళ్ళు తెమ్మనేవారు. చెల్లి విశాఖలో నర్సింగు పూర్తి చేసి, బావను చేసుకోను, విదేశం పోతానని తేల్చేసింది. మామయ్య అలిగాడు. అన్నయ్య గుమ్మం ఇక తొక్కలేనేమోనని అమ్మ ఏడ్చింది. అప్పుడు అందరికీ నేను గుర్తొచ్చాను. అంతకుముందు అడ్డొచ్చిన నెలల తేడా ఆ పూట ఎవరికీ అడ్డు రాలేదు. నాన్నా మామయ్యా అరుగు మీద కూర్చుని మాట ఇచ్చిపుచ్చుకుంటుంటే నేను పెరట్లో జీడిపిక్కలు ఎండబోస్తున్నాను. నన్ను ఎవరూ అడగలేదు. ఇంట్లోకి కొత్త చీర వచ్చాక తెలిసింది.

అలా చెల్లి వద్దన్న మనిషితో కాపురం చేస్తూ, చెల్లి కావాలన్న మనిషి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాను. కాగితాలు చాలవన్నట్టు సామాను కూడా నేనే సర్దాలి. రిజిస్ట్రారు దగ్గర సంతకాలయ్యాక మన పద్ధతిలో తలంబ్రాలు కూడా పోసుకుంటారట. పసుపు కొమ్ములు, జీలకర్ర, బెల్లం, పట్టుచీర పంపమంది. అత్తవారికి పలాస జీడిపప్పు పంపమంది. ఆ తెల్లవాళ్ళకు తేడా ఏం తెలుస్తుంది, విరిగిన బద్దలు కట్టి పంపితే చాలదా అనుకున్నాను. జీడిపిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకు వేసే మా ఆయన, తనకు తెలిసిన చోటికి వెళ్ళి ఒక్క బద్ద కూడా లేకుండా గుండు పప్పు ఏరించి తెచ్చాడు. నాకు పాయసంలోకి ఎప్పుడూ బద్దలే తెచ్చేవాడు.

మా పుట్టిల్లు ఉద్దానంలో, అక్కుపల్లికి దగ్గర. అక్కడి సచివాలయంలో దరఖాస్తు ఇచ్చాను. వీఆర్వో ఊళ్ళోకి వచ్చి విచారించి రాస్తే, దాన్ని చూసి తహసీల్దారు సంతకం పెడతారన్నారు. ఆ వీఆర్వో కొత్తగా వచ్చిన కుర్రాడు. అతను వచ్చిన రోజున అమ్మానాన్నలు పలాస వెళ్ళారు. పక్కింటి అరుగు మీద మా పెద్దమ్మ చీపురు కోసం కొబ్బరి ఈనెలు చీరుతూ కూర్చుని ఉంది.

ఇక్కడ మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. సంబంధం ఖాయం చేసుకునే ముందు మగపెళ్ళివారు ముఖం తెలియని మనిషినొకణ్ణి పంపుతారు. అతను కొబ్బరి మొక్కల బేరానికి వచ్చినట్టు వచ్చి, ఇరుగుపొరుగుల దగ్గర పిల్ల గురించి ఆరా తీసి పోతాడు. అప్పుడు ఇరుగుపొరుగులు చేయాల్సిన పని పిల్ల విలువ పెంచడం. మేనబావ కాచుకుని ఉన్నాడనీ, అడిగేవాళ్ళకు కొదవ లేదనీ చెప్పాలి. పిల్ల ఎవరికీ కాకుండా మిగిలిపోయిందని మాత్రం చచ్చినా అనకూడదు. ఈ విద్యలో పెద్దమ్మను మించినవాళ్ళు మా వీధిలో లేరు.

బండి దిగి చెల్లి పేరు చెప్పి, ఆవిడకు పెళ్ళయిందా అని వీఆర్వో అడగ్గానే పెద్దమ్మకు విషయం అర్థమైపోయింది.

"అదేటి బాబూ, అలగడుగుతావు? పుట్టినప్పుడే మేనబావకిచ్చీసినాం."

"అంటే పెళ్ళయిపోయిందా?"

"మాటయిపోనాక ఇంకేటుంటాది? మా గుంటంటే ఆ బావకి పేనం."

వీఆర్వో బుద్ధిగా రాసుకుపోయాడు. మేనబావతో వివాహమైనట్టు స్థానికులు చెప్పారని అతని నివేదిక. సరిగ్గా ఆ వేళకు ఆ మేనబావ ఇంట్లో నేను పప్పులో పోపు వేస్తూ ఉండి ఉంటాను.

దరఖాస్తు ఆగిపోయిందంటే తహసీల్దారు ఆఫీసుకు పరుగెత్తాను. ఆ మేనబావ మా ఆయనేనండీ అన్నాను. రుజువేమిటన్నాడు గుమస్తా. తాళి పైకి తీసి చూపించాను. "కట్టిందెవరో దాని మీద రాసుండదు కదమ్మా" అన్నాడు, మర్యాదగానే. మా ఇద్దరి పెళ్ళి రిజిస్టరైన పత్రం తెస్తే ఆ నివేదిక మార్పిస్తామన్నాడు. మా పెళ్ళి ఎక్కడా రిజిస్టరు కాలేదు.

అక్కణ్ణించి నేరుగా పెద్దమ్మ మీదికి వెళ్ళాను.

"పరువు నిలబెట్టినాననుకున్నాను గదే" అందావిడ. "ఈడు మీరిపోన గుంటకి ఇంకా పెళ్ళవనేదంటే ఆడేటనుకుంటాడు?"

"ఆడు వీఆర్వో పెద్దమ్మా!"

"అయితే? ఆడికి మాత్రం పెళ్ళి కావద్దేటి?"

ఆ రాత్రి ఫోన్లో చెల్లి ఏడ్చింది. తేదీ దగ్గరికొచ్చేసిందప్పా, ఇది పోతే నేనొచ్చీవలసిందే, తర్వాత ఏటవుతాదో తెలీదు అని వెక్కింది. ఆ ఏడుపు నా చెవికి కొంచెం తియ్యగా తగిలింది. అది కోరుకున్నది దానికి దొరక్కపోవడం నేను పుట్టి ఎప్పుడూ చూడలేదు. ఫోన్ పెట్టేశాక అన్నం సయించలేదు, అది వేరే సంగతి.

మా ఆయనకు చెబితే కంచం ముందు నుంచి లేచి బీరువా మీది పెట్టె దింపాడు. రేషన్ కార్డులో నా పేరు ఎక్కించమని ఎన్నిసార్లు బతిమాలినా కదలని మనిషి, పెళ్ళి ఫొటోలు, శుభలేఖ, ఆధార్ కార్డులు అన్నీ తనే వెతికి కవర్లో పెట్టాడు. మా పెళ్ళి రిజిస్టరు చేయడానికి సబ్ రిజిస్ట్రారు రమ్మన్న రోజున గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఎవరి కోసమేటి ఈ సోకు?" అన్నాను.

"నీ సెల్లి పెళ్ళాగిపోతాది గదే."

"ఆగిపోతే నీకేటి నట్టం? నీ మరదలు ఎనక్కొచ్చీస్తాది."

జవాబు చెప్పకుండా బండి తాళం తీసుకుని బయటికి నడిచాడు. టెక్కలి దాకా ఆయన వెనకాల కూర్చుని, ఆ జవాబు ఏమై ఉంటుందో నాకు నేనే రకరకాలుగా చెప్పుకుంటూ ఉడికిపోయాను. చిన్నప్పుడు దాని పక్కన కూర్చోబెట్టినప్పుడు ఆయన ముఖం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గుర్తు రాలేదు. నేను అప్పుడు నీళ్ళ బిందె దగ్గర ఉండేదాన్ని.

సాక్షులుగా నాన్న, మామయ్య వచ్చారు. ఇద్దరూ తెల్ల పంచెల్లో, కుర్చీల అంచున కూర్చున్నారు. సబ్ రిజిస్ట్రారు ఫొటోలు చూశారు, శుభలేఖ చూశారు, ఇన్నేళ్ళ ఆలస్యం ఎందుకని అడిగి ఏదో రాసుకున్నారు. తర్వాత కళ్ళజోడు తీసి, "ఇద్దరి ఇష్టంతోనే జరిగిందా ఈ పెళ్ళి?" అన్నారు. అలా అడగాలని నిబంధనే ఉందో, అది ఆయన అలవాటో నాకు తెలియదు.

"అవునండి, అందరం కూకుని మాట్లాడుకునే..." అని నాన్న లేవబోయాడు.

"మిమ్మల్ని కాదండీ" అని రిజిస్ట్రారు మా ఆయన వైపు తిరిగారు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆరోజు నన్నెవులూ అడగనేదండి. మా అయ్య సెప్పినాడు, నేను తాళి కట్టీసినాను." మామయ్య గట్టిగా దగ్గాడు. "ఇప్పుడు మీరడిగినారు గనక సెప్తన్నాను. ఇష్టమేనండి. మా మరదలికని గాదు, ఈవిడంటేనే ఇష్టం. ఈవిణ్ణి కూడా అడగండి. నేనంటే ఇష్టమో నేదో నాకూ ఇంతవరకు తెల్దు."

రిజిస్ట్రారు నవ్వలేదు. పెన్ను పట్టుకుని, "చెప్పండమ్మా" అన్నారు.

నేను ఔనంటే చెల్లి కాగితం కదులుతుంది. కాదంటే అక్కడే పడి ఉంటుంది. నాన్న తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. మామయ్య నేల చూపులు మాని తలెత్తాడు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వీపున చెమటకు తడిసిపోయింది. గదిలో ఉన్న నలుగురు మగవాళ్ళూ నా నోటి వైపే చూస్తున్నారు. ఏం చెప్పాలో నాకు తెలుసు. అయినా కాసేపు వాళ్ళను అలాగే చూడనిచ్చాను.