ఖాళీ కంచం

రావులపాలెం బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్లో స్టీలు కంచం ఉంది. దానిమీద చెక్కిన పేరును కొంగుతో తుడుస్తూనే ఉంది.

“బైబిలు ట్రైనింగు హాస్టల్లో వంట చేస్తానండి. ఏటా వేసవికి చదువైపోయి పిల్లలు వెళ్లిపోతారు. ఆఖరి భోజనమయ్యాక ఎవరి కంచం వాళ్లకి నేనే కడిగి చేతికిస్తాను. ప్రార్థన చేసి పంపిస్తాం. నిన్న అందరూ వెళ్లిపోయారండి. ఇదొక్కటే మిగిలింది.”

ఆ కంచం తాలూకు కుర్రాడు వానాకాలంలో జ్వరంతో ఇంటికెళ్లాడట. వచ్చేదాకా దాచమన్నాడట. వారానికే పోయాడని కబురొచ్చింది. ఇప్పుడు దాన్ని వాళ్లమ్మకి ఇవ్వడానికి వెళ్తోంది. ఆ తల్లిని చూడడం ఇదే మొదలట.

ఎదురుగా బండిమీద చక్కెరకేళి పళ్లున్నాయి. ఆవిడ వాటికేసి చూసి, చూపు తిప్పుకుంది.

“ఎవరి గిన్నయినా ఖాళీగా తిరిగివ్వం కదండీ. అలాగని పరామర్శకెళ్తూ పళ్లూ స్వీట్లూ పట్టుకెళ్తామా? ఇందులో ఏం పెట్టివ్వమంటారో మీరే చెప్పండి.”

ఇంతలో బస్సొచ్చింది. జవాబు చెబుతానేమోనని మెట్టుమీద ఒకసారి ఆగి చూసి, ఎక్కేసింది.

ఇప్పటికీ పక్కింటివాళ్ల గిన్నెలో ఇంత పంచదార పోసి తిరిగి పంపేటప్పుడు, నా చెయ్యి కాసేపు ఆగిపోతుంది.