గొడుగేసుకుని గాలిస్నానం

“బొద్దింక కనపడితే మంచమెక్కీసే మనిషి మీరు! మళ్ళీ అడివికేటి?”

“మంచమ్మీద గుండెదడ తగ్గదే. సెట్ల కింద తగ్గుతాది.”

“ఎవలికి? మీకా?”

“ఆడికి! బయట నిలబడ్డాడు. మెల్లగా మాటాడు.”

ఆ బయట నిలబడ్డవాణ్ణి నేనే. పాతనగరంలో గొడుగులు బాగుచేసే కరీం బాషా, ఆయన భార్య సర్దార్ బీ వేసుకుంటున్న దెబ్బలాట నాకు అక్షరం పోకుండా వినిపించింది. ఊళ్ళో ఎవడికి దిగులు పట్టినా, ఎవడికి నిద్ర రాకపోయినా, బాషా బాబాయ్ వాణ్ణి ఆదివారం పూట కంబాలకొండ అడవికి లాక్కుపోయి గాలిస్నానం చేయించాల్సిందే. అదీ ఆయన పిచ్చి.

నా రోగమేమిటో చెప్పేస్తాను. కాలేజీ సగంలో వదిలేసిన నన్ను, ఉక్కు ఫ్యాక్టరీ కట్టే పనుల్లో ఓ కాంట్రాక్టరు చేర్చుకుంటానన్నాడు. చేరే ముందు చేసే పరీక్షలో డాక్టరు నా చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టేసరికి గుండె పరుగందుకుంది. “బీపీ ఎక్కువ. సోమవారం మళ్ళీ రా. అప్పుడూ ఇంతే ఉంటే వేరేవాణ్ణి తీసుకుంటారు” అన్నాడు. ఇక చూడండి. ఆ పట్టీ తలుచుకుంటే దడ. అన్నం ముందు కూర్చుంటే దడ. పోర్టులో ఓడ కూతేస్తే, ఉద్యోగం నన్నొదిలేసి వెళ్ళిపోతున్నట్టే ఉండేది. ఇది పోతే డిగ్రీ లేని నన్ను ఇంకెవడు పిలుస్తాడు?

అందుకే ఆదివారం పొద్దున్నే ఆనందపురం బస్సెక్కాను. పక్కన బాబాయ్. భుజాన తువ్వాలు, చంకలో గొడుగు. నడివేసవి, మబ్బు తునకైనా లేదు.

“నీ తువ్వాలేదిరా?”

“తువ్వాలెందుకు?”

“తానానికొస్తన్నావా, పేరంటానికా?”

అడవిలో కాలు పెట్టగానే గొడుగు విప్పేశాడు. చెట్టు మీంచి గొంగళిపురుగులు పడతాయట! “మాటాడకు. మెల్లగా నడు. జీడిపళ్ళ వాసన పీల్చు. పిట్టల్ని విను” అని ఆర్డర్లు వేస్తూనే, వెనకనుంచి నా చొక్కా గట్టిగా పట్టుకున్నాడు.

ఎండుటాకులు గరగరమన్నాయి.

“ఒలమ్మో!”

బాబాయ్ నా వీపు మీదున్నాడు. గొడుగుతో సహా.

“తొండ, బాబాయ్.”

“నాకు తెల్దేటి? నువ్వు పీల్చడం ఆపీకు.”

తర్వాత ఉడత. మళ్ళీ కేక. ఆ కేకకి కొమ్మమీది కోతి హడలిపోయి, తింటున్న జీడిపండు వదిలేసింది. అది వచ్చి టప్పున గొడుగు మీద పడింది. “సూసినావా గొడుగెందుకో!” అన్నాడు బాబాయ్, కళ్ళు మూసుకునే.

నీళ్ళెండిపోయిన గెడ్డ గట్టు దగ్గర ఇంక అడుగు వెయ్యనన్నాడు. ఏం చేస్తాను? కర్రతో ఆకులు తడుతూ నేనే ముందు నడిచాను. చెయ్యి పట్టుకుని దాటించి, ఓ నేరేడు చెట్టు కింద కూర్చోబెట్టాను. కూర్చున్నాక కూడా ఆయన నా చెయ్యి వదల్లేదు. “ఏం కాదు బాబాయ్. ఊపిరి నెమ్మదిగా తియ్యి. నానున్నాను గదా” అని చెబుతూ నేనూ తీశాను. పాతనగరంలో రోజూ మింగే పోర్టు ఎర్రదుమ్ము లేని గాలి, పొట్ట అడుగుదాకా వెళ్ళింది. ఆకుల్లోంచి ఎండ మా కాళ్ళమీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఎక్కడో ఓ పిట్ట ఒకే మాట పదేపదే చెబుతోంది. అలా ఎంతసేపు ఉన్నామో!

తిరుగు బస్సెక్కాకగానీ గుర్తు రాలేదు, నాకు దడ ఉండాలి కదా అని.

సోమవారం డాక్టరు పట్టీ చుట్టాడు. గుండె మళ్ళీ పరుగుకి సిద్ధమైంది. కళ్ళు మూసుకున్నాను. వీపు మీదికి బాబాయ్ ఎక్కాడు, గొడుగుతో సహా. ఫక్కున నవ్వొచ్చింది.

“కదలకు” అని డాక్టరు కసిరి, అంకె చూసి, సంతకం పెట్టేశాడు.

మాడుగుల హల్వా పొట్లంతో పరిగెత్తాను. బాబాయ్ దుప్పటి ముసుగులో మూలుగుతున్నాడు.

“ఏటైంది పిన్నీ?”

“ఏటవుతాది? జొరం! అడివికెళ్ళే ముందు రాత్రి నిద్దరుండదు, వచ్చిన మర్నాడు జొరం. ప్రతిసారీ ఇదే బాగోతం. సెప్తే వింటారా?”

నాకు ఒళ్ళు మండిపోయింది.

“అంత భయమైతే నువ్వెందుకెళ్ళడం బాబాయ్? ధైర్యమున్నోణ్ణి ఎవణ్ణైనా తోడు పంపొచ్చు గదా!”

దుప్పటిలోంచి తల బయటికొచ్చింది.

“భయపడేవోడి పక్కన ధైర్యమున్నోణ్ణి నిలబెడితే ఆడు ఇంకా సిన్నబోతాడ్రా. నా పక్కనైతే ఎవడైనా మొనగాడే.”

గొంతు పూర్తిగా బొంగురుపోయింది. హల్వా ముక్క నోట్లో వేసుకుని, నా చెయ్యి దగ్గరికి లాక్కున్నాడు.

“పక్కింటి లతీఫ్‌కి, కొడుకు ఓడెక్కీసిన కాణ్ణించి నిద్దర్లేదు. ఆదివారం తీసుకెళ్తన్నాను. నువ్వూ రా. తొండ కనపడితే మాత్రం ఈసారి కేక నువ్వెయ్యి నాయనా. నాకు గొంతు లేదు.”