గాలి గన్నే మంచిది

మా ఇంట్లో ఒక బోల్టు విప్పడానికి రెండు పద్ధతులు ఉండేవి. ఒకటి బాపుది, రెండోది తమ్ముడిది.

మేం నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు బొగ్గుబాయిలో ఫిట్టరు. పనిచేసినంత కాలం భూమి లోపల గాలితో తిరిగే పనిముట్లే పట్టాడు. కంప్రెషర్ గాలిని నొక్కి పైపుల్లోకి పంపుతుంది. ఆ గాలి డ్రిల్లును తిప్పుతుంది, బోల్టులు విప్పే గన్నును తిప్పుతుంది. బాయిలో గ్యాస్ ఉంటుంది. కరెంటు మిషన్ నుంచి ఒక్క నిప్పురవ్వ లేచినా మనుషులు మిగలరు. అందుకని గాలి.

రిటైరై నస్పూర్‌లో ఇల్లు కట్టుకున్నాక ఆ భయం అక్కరలేదు. అయినా మూతపడిన ఒక పంక్చర్ షాపు నుంచి పాత కంప్రెషర్ తెచ్చి వరండాలో ప్లగ్గు పక్కన పెట్టాడు. కూలర్ మోటరు బిగించాలన్నా, బోరు మోటరు విప్పాలన్నా, మిక్సీలో చేరిన దుమ్ము ఊదాలన్నా ముందు అది మోగాలి. ట్యాంకు నిండేదాకా ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. పని అయ్యాక ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదిలేవాడు. గన్నులో ఒక చుక్క నూనె వేసి, గుడ్డతో తుడిచి, గోడకున్న మేకుకు తగిలించేవాడు. అవ్వను అంత జాగ్రత్తగా చూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

తమ్ముడు మంచిర్యాలలో ఇంటింటికీ తిరిగి ఏసీలు, నీళ్ల ఫిల్టర్లు బాగుచేస్తాడు. వాడి సంచిలో బ్యాటరీ గన్ను ఉంటుంది. పైపు లేదు, మోత లేదు, ప్లగ్గు వెతుక్కోనక్కరలేదు. ఇంటి పనికి వాడిదే సరైన పద్ధతి. బాపు గన్ను చేతిలో తేలికగా ఉండేది, ఎంతసేపు వాడినా వేడెక్కేది కాదు. అవి నిజమే. కానీ ఒక్క స్క్రూ కోసం వీధినంతా లేపడం ఏ లెక్కనా సబబు కాదు. ఆ సంగతి బాపుకు తెలుసు. తెలిసినందుకే నోరు ఇంకా పదునుగా ఉండేది.

ఎవరైనా ఏసీ చెడిపోయిందని తమ్ముడి కోసం గేటు దగ్గరికి వస్తే బాపు కుర్చీలోంచే అనేవాడు. "జర ఆగుండ్రి. మావోని మిషన్‌కు పాలు తాపాలె. తాగి పండుకుంటెనే లేస్తది."

వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. తమ్ముడు చార్జర్ నుంచి బ్యాటరీ పీకి సంచిలో వేసుకుని వెళ్లిపోయేవాడు.

ఒకసారి మిద్దె మీద నీళ్ల ట్యాంకు బిగిస్తుండగా వాడి బ్యాటరీ అయిపోయింది. బాపు కింద నిలబడి వీధికంతా వినపడేట్టు అరిచాడు. "దిగిరా కొడుకా! దాన్ని సంకల వెట్టుకోని దిగిరా, ఏడుస్తుందేమో!" తర్వాత తనే కంప్రెషర్ మోగించి పైపు పట్టుకుని మెట్లెక్కాడు. పైపు సగం మెట్ల దాకే వచ్చింది. పైనుంచి తమ్ముడు తొంగిచూశాడు. "ఏమాయె బాపు? నీ గాలి మెట్లకాడనే ఆగిపాయె?"

ఇద్దరూ నవ్వలేదు. నవ్వుకునే ఇల్లు కాదు మాది.

కొంతకాలానికి బాపుకు దమ్ము ఆడటం కష్టమైంది. మెట్లు మానేశాడు, తర్వాత వీధి చివరి దాకా నడవడం మానేశాడు. నేనుండేది కరీంనగర్‌లోనే కాబట్టి అక్కడి ఆసుపత్రికే తీసుకొచ్చాం. డాక్టరు ఛాతీ ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి, ఏం పని చేసేవారని అడిగాడు. చెప్పాను. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నాడు. ఇకనుంచి ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉండాలన్నాడు.

బాపు ఆసుపత్రిలో ఉండగానే తమ్ముడు కంప్రెషర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. దాంతోపాటు పైపు, గన్ను కూడా. వరండాను మూసి గదిలా చేసి, అదే ప్లగ్గు దగ్గర మంచం వేసి, దాని పక్కన కొత్త మిషన్ పెట్టాడు. బాపును ఆటోలోంచి దింపి అక్కడ కూర్చోబెట్టి అన్నాడు. "నీ గాలి మిషన్ నీకే తెచ్చిన బాపు. గీసారి పైపు ముక్కుల వెట్టుకో."

బాపు గోడ వైపు చూశాడు. మేకు ఉంది. దాని కింద గోడ మీద నూనె మరక ఉంది. మిషన్ మోత కాసేపు విని, "గిండ్ల గూడ కంప్రెషరే ఉన్నది" అన్నాడు. అది నిజం. ఆ మిషన్ గదిలోని గాలినే పీల్చి, నొక్కి, ప్రాణానికి పనికొచ్చేది వేరుచేసి పంపుతుంది.

ఎండాకాలంలో మా వైపు ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. తడిగుడ్డ పెట్టి తుడిచినచోట మళ్లీ చేరుతుంది. ఒక మధ్యాహ్నం మిషన్ మీద పసుపు లైటు వెలిగి కూత మొదలైంది. నేను అక్కడే ఉన్నాను. లోపలి ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయిందని, విప్పి మారిస్తే సరిపోతుందని తమ్ముడు చెప్పాడు. కొత్త ఫిల్టరు తెచ్చే ఉంచాడు. సంచి తెరిచి గన్ను తీశాడు. బాపు చెయ్యి చాపాడు.

"నా ముక్కుకున్నది నేను విప్పుకుంట. ఇటియ్యి."

"ఇస్త. బ్యాటరీ గన్నే మంచిదని ఒక్కమాట అను."

బాపు మిషన్ ఆపేశాడు. ముక్కులోంచి గొట్టం తీశాడు. కరెంటు పోయినప్పుడు వాడే చిన్న ఆక్సిజన్ సిలిండరు మూలన ఉంది. నేను దాన్ని జరపబోతే వద్దని చెయ్యి ఊపాడు. అవ్వ కుట్టుమిషన్ డబ్బాలో ఉండే చిన్న స్క్రూడ్రైవరు తెమ్మన్నాడు. అవ్వ తెచ్చింది. బాపు మంచం అంచున వంగి స్క్రూ మీద పెట్టి తిప్పాడు. జారింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. పెదాలు నల్లబడుతున్నాయి. ఒళ్లో గన్ను పెట్టుకుని ఎదురుగా కూర్చున్న తమ్ముడు దాని మీట ఒకసారి నొక్కి వదిలాడు. గుర్రుమంది.

"అను బాపు. అంటే అయిపోతది."

అవ్వ వాడి ముందు నిలబడింది. "ఇయ్యరా. నీకు దండం పెడ్త."

"నేను ఇయ్యనన్ననా? అనుమను. ఇన్నేండ్లు నన్ను గేటుకాడ అందరి ముంగట అన్నడు గద. నేను ఇంట్లనే అడుగుతున్న."

బాపు తలెత్తాడు. మాట రావడానికి చాలాసేపు పట్టింది. అందరం ఆ మాట కోసమే చూస్తున్నాం.

"పాలు తాపినవా దానికి?" అన్నాడు.

తమ్ముడు లేచి, బాపు చేతిని పక్కకు నెట్టి, స్క్రూలన్నీ చిటికెలో విప్పేశాడు. ఫిల్టరు మార్చి, మూత బిగించి, మిషన్ ఆన్ చేశాడు. అవ్వ గొట్టం మళ్లీ ముక్కులో పెట్టింది. పసుపు లైటు ఆరిపోయింది. వాడి పద్ధతి ఎంత తొందరగా పనిచేస్తుందో అందరం చూశాం.

ఆ తర్వాత బాపు తమ్ముడితో మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే అవ్వతో చెప్పించేవాడు, వాడు ఆ గదిలోనే ఉన్నా సరే. వాడు కూడా అవ్వతోనే జవాబు చెప్పించేవాడు. చావు గురించి నేను పుస్తకాల్లో చాలా చదివాను. వాటిలో మనుషులు చివర్లో మెత్తబడతారు. బాపు మెత్తబడలేదు. వానలు పడ్డాక, ఒక పొద్దున, మిషన్ నడుస్తుండగానే పోయాడు. కాసేపటిదాకా మాకు తెలియలేదు. మోత ఆగలేదు కదా.

మా దిక్కు మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. ముట్టుకుంటే పోయినవాళ్లు తృప్తిపడ్డారని. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయిందని. అదేమిటో ఊహించి, విస్తరి దగ్గర పైకి చెప్పాలి.

గోదారి ఒడ్డున తమ్ముడు విస్తరి పెట్టాడు. అన్నం, మటన్ కూర, కల్లు, వెలిగించిన బీడీ. కాకి ఒకటి కరెంటు స్తంభం మీద కూర్చుంది గానీ దిగలేదు. ఎవరో ఇంకాస్త కల్లు పొయ్యమన్నారు. పోశాడు. అవ్వను బాగా చూసుకుంటానని చెప్పమన్నారు. చెప్పాడు. కాకి కదల్లేదు. చుట్టాలు ఎండలో నిలబడి విసుక్కుంటున్నారు. ఇంటిదగ్గర వాళ్లకు వంట అయిపోయింది.

అప్పుడు అవ్వ, ఎవరినీ చూడకుండా, ఆ మధ్యాహ్నం సంగతి చెప్పింది. గన్ను సంగతి, వాడు అనమన్న మాట సంగతి.

బోథ్ నుంచి మా మేనత్త, బాపుకు అక్క, వచ్చి ఉంది. ఆ ఇంటివాళ్ల నోటి పదునంతా ఆమె నుంచే వచ్చిందంటారు. కర్ర ఊతంగా ముందుకొచ్చింది.

"ఇంకేంది మరి? అల్లుడా, పో. విస్తరికాడ నిలవడి, గాలి గన్నే మంచిదని అను."

"గిప్పుడా అత్తా?"

"వాడు మంచంల ఉన్నప్పుడు అనిపియ్యవోయినవ్ గద. ఇప్పుడు నువ్వు అను."

తమ్ముడు చుట్టూ చూశాడు. వాడు ఏసీలు బాగుచేసే ఇళ్లవాళ్లు కూడా వచ్చారు. గేటు దగ్గర నవ్వినవాళ్లే. వాడు విస్తరి దగ్గరికి వెళ్లి, తల దించి, ఆ మాట అన్నాడు. మాకు వినపడలేదు.

"గట్టిగ," అంది అత్త. "బాయిల వాని చెవులు సగం పోయినయ్."

"గాలి గన్నే మంచిది బాపు."

"ఇంకా గట్టిగ."

వాడు అరిచాడు. గొంతు చీలింది. అవతల బట్టలు ఉతుకుతున్నవాళ్లు చేతులాపి చూశారు. కాకి స్తంభం మీద నుంచి లేచి, విస్తరి మీదుగా వెళ్లి, గోదారి దాటిపోయింది.

ఇంక చాలన్నారు పెద్దవాళ్లు. నీళ్లలో వదలమన్నారు. తమ్ముడు విస్తరి వదిలి, మునిగి, తడిబట్టలతో ఒడ్డుకొచ్చాడు. అత్త ముందు నిలబడి, చిన్నగా అడిగాడు.

"ఇన్నడంటవా అత్తా?"

"ఇన్నడు," అంది ఆమె, కర్ర తీసుకుని నడక మొదలుపెడుతూ. "ఇననట్టు చేస్తుండు. వానికి అలవాటే."