డెల్మో టైరు కుడి అంచు

లొరియానో అరచెయ్యి గురించి మా లోయలో తెలియనివాళ్ళు లేరు. కొట్టు ముందు మోటారు సైకిలు ఆగితే అతను మనిషి మొహం చూడడు. వంగి వెనక టైరు మీద చెయ్యి వేస్తాడు. ఇటు నుంచి అటు ఒకసారి, అటు నుంచి ఇటు ఒకసారి, పిల్లిని నిమిరినట్టు నిమురుతాడు. అప్పుడు లేచి చెబుతాడు. "గాలి తక్కువ పెట్టి తిరుగుతున్నావు." "బ్రేకు ఆలస్యంగా పట్టి, పట్టాక బెదురుతున్నావు." "వెనక ఎవర్నో ఎక్కించుకుంటున్నావురా. మీ ఆవిడ కాదు, ఆవిడ బరువెక్కువ." ఈ చివరి మాటతో ఒక కాపురం కూలిపోయినంత పనైంది, అది వేరే కథ, ఇప్పుడెందుకు!

నా దగ్గర నాలుగో తరగతి చదివినవాడే. వాళ్ళ నాన్న ట్రాక్టరు టైర్లకి అతుకులు వేసేవాడు. ఇతను పద్నాలుగో ఏట బడి మానేసి అదే కొట్టులో కూర్చున్నాడు, ఇప్పుడు అరవై ఒకటి. పెళ్ళి లేదు. అరిగిపోయిన టైర్లలో మట్టి పోసి టమాటాలు పండిస్తాడు. కాయలు ఎంత బావుంటాయో! సగం ఊరికి అతనే పంచుతాడు.

ఇటలీలో మా రొమాన్యా వాళ్ళకి ఆదివారం పొద్దున ప్రార్థన ఒకటి, కొండ కనుమ ఒకటి. ప్రార్థనకి ఆడవాళ్ళు వెళ్తారు, కనుమ మీదికి మోటారు సైకిళ్ళు వెళ్తాయి. నేను రెండో దానికే వెళ్తాను, పక్కింటి వాళ్ళ కారులో. అక్కడ ఆర్జియా అనే ఆవిడ కాఫీ కొట్టుంది. బళ్ళన్నీ కొట్టుకి వీపు పెట్టి వరసగా నిలబడతాయి, ఎందుకంటే అందరూ చూడాల్సింది వెనక టైరు. మలుపుల్లో బండిని బాగా వంచినవాడి టైరు అంచుదాకా అరిగి ఉంటుంది. వంచనివాడికి అంచున నున్నటి కొత్త రబ్బరు మిగిలిపోతుంది. దాన్ని మేం భయం చార అంటాం. ఆ చార కనపడకుండా ఇంట్లో గరుకు కాగితంతో అంచులు గీకి తెచ్చిన ఘనులు కూడా ఉన్నారు. లొరియానో చెయ్యి పెట్టగానే వాళ్ళు దొరికిపోయేవాళ్ళు. ఆ రోజు వాళ్ళ కాఫీకి పంచదార అక్కర్లేదు, అన్ని తీపి మాటలు పడేవి.

డెల్మో కసాదియో మా బడి బస్సు నడుపుతాడు. ఇరవై రెండేళ్ళుగా నలభై మంది పిల్లల్ని కొండ మీది పల్లెల నుంచి దించుతున్నాడు, ఒక్కరికి గీత పడలేదు. యాభై ఎనిమిదేళ్ళ మెతక మనిషి. పిల్లలు బస్సులో వాంతి చేసుకుంటే వాళ్ళకే క్షమాపణ చెప్పే రకం. ఎర్రటి పాత రేసు బండి ఒకటి కొనుక్కున్నాడు. ఏప్రిల్లో దానికి లొరియానో దగ్గరే కొత్త వెనక టైరు వేయించుకున్నాడు.

జూన్ మొదట్లో ఒక ఆదివారం డెల్మో కాఫీ కప్పు పట్టుకుని మెల్లగా లొరియానో పక్కకి వచ్చాడు.

"లొరియానో, ఒకసారి చూడవా. కుడి పక్కకి వంచితే బండి రావట్లేదు, మొండికేస్తోంది. ఎడమకైతే నేను అనుకునేలోపే పడిపోతోంది."

చుట్టూ ముప్పై మంది ఉన్నారు. లొరియానో వంగాడు. ఎడమ అంచు కొరికేసినట్టు అరిగిపోయింది. కుడి అంచున వేలెడు వెడల్పున కొత్త రబ్బరు మెరుస్తోంది.

"ఏం రోగం డాక్టరు గారూ?" అని ఎవరో అరిచారు.

లొరియానో చేత్తో ఒక్కసారే నిమిరాడు, ఒక వైపే. వాళ్ళు నవ్వడానికి తయారుగా ఉన్నారు, వాళ్ళని ఆపి ఉంచడం అతనికి ఇష్టం లేకపోయింది.

"బండికి రోగం లేదర్రా. రోగం సీటు మీద కూర్చుని వచ్చింది."

ఇక చూడాలి నవ్వులు! ఆర్జియా లోపలి నుంచి తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, ఏం మిస్సయ్యానోనని.

"మొండికేస్తోంది బండా, నువ్వా?" అన్నాడు లొరియానో. "కుడి మలుపులో కొండ అడ్డొచ్చి ముందు దారి కనపడదు కదా, అక్కడ మనవాడికి అమ్మ గుర్తొస్తుంది."

"నిజంగానే తిరగట్లేదురా..." అన్నాడు డెల్మో. ఆ తర్వాత తనూ నవ్వాడు. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని.

నేనూ నవ్వాను. నవ్వి ఊరుకుంటే బావుండేది. జూన్ ఆఖర్లో సెయింట్ పీటర్ పండగకి వీధిలో పొడుగు బల్లలు వేసి ఊరంతా కలిసి భోంచేస్తాం. భోజనాల చివర ఒకరు కుర్చీ ఎక్కి, ఆ ఏడు ఎవరు ఏం వెర్రి పని చేశారో ఎగతాళి పద్యం చదవాలి. ముప్పై ఏళ్ళుగా ఆ కుర్చీ నాదే. ఆ రాత్రి ఎర్ర వైను కూడా కాస్త ఎక్కువైంది.

"ఎడమ పక్క పులిరా మన డెల్మో, కుడి పక్క పిల్లిరా,
సగం టైరు ముసలిది, సగం ఇంకా పిల్లరా!"

బల్లలు గుద్దారు. రెండోసారి చదివించారు. పిల్లలు పదిరోజులు వీధుల్లో పాడుకుంటూ తిరిగారు, డెల్మో బస్సే ఎక్కి సముద్రం దగ్గర వేసవి శిబిరానికి వెళ్తూ కూడా. ఒక తల్లి బస్సు మెట్టు మీద కాలు పెట్టి అడిగిందట: "డెల్మో గారూ, ఆ కుడి మలుపుల సంగతి... ఊరికే అన్నదేనా?" డెల్మో ఏం చెప్పాడో నాకు తెలీదు.

జులై రెండో ఆదివారం, ఇంకా ఎవరూ లేవకముందే డెల్మో ఒక్కడే కనుమ ఎక్కాడు. ఆ కుడి అంచు అరగదీసి తీసుకురావాలని. పైకి వెళ్ళాడు, దిగాడు, మళ్ళీ వెళ్ళాడు. మూడోసారి ఒక కుడి మలుపులో బండి లోపలికి రాకపోతే, తనే భయపడుతున్నానని అనుకుని ఇంకా వంచాడు. కంచె కింద దొరికాడు. భుజం ఎముక, మణికట్టు, రెండు పక్కటెముకలు విరిగాయి.

గురువారం రొట్టెల కొట్టులో మునిసిపాలిటీ గుమాస్తా అంటుంటే విన్నాను. "ఎముకలు అతికినా బస్సు మాత్రం ఇవ్వం. గోదాములో పనికి వేద్దాం. మలుపులంటే భయం ఉన్నవాడికి పిల్లల్నెలా ఇస్తాం? ఊరంతా అంటోంది కదా." ఊరంతా అంటే ఎవరు? నా చేతిలో రొట్టె వేడిగా ఉంది, అది పట్టుకుని గబగబా బయటికి వచ్చేశాను.

ఆ తర్వాతి మంగళవారం నా సైకిలు పంక్చరు వేయించుకుందామని వెళ్తే లొరియానో కొట్టు తలుపు సగం మూసి ఉంది. లోపల డెల్మో బండి నిలబెట్టి ఉంది, హ్యాండిలు విరిగి. తుక్కు వాడు తీసుకెళ్ళేలోపు పనికొచ్చే సామాను విప్పమని పంపారట. లొరియానో నేల మీద కూర్చున్నాడు. వెనక చక్రం రెండు పక్కలా ముందు చక్రం దాకా తెల్ల దారాలు లాగి కట్టి ఉన్నాయి.

"తలుపు వేసి రండి టీచరమ్మా."

వేశాను.

"ఈ దారాలు చూడండి. రెండు చక్రాలూ ఒకే గీత మీద ఉండాలి. వెనకది ఎటు చూస్తోంది?"

కళ్ళజోడు సర్దుకుని చూశాను. నాకే కనపడింది. వెనక చక్రం కొంచెం పక్కకి చూస్తోంది, మాట వినని పిల్లాడు కిటికీలోంచి బయటికి చూసినట్టు.

"పడ్డప్పుడు వంగి ఉంటుందిలే నాయనా."

"అలాగే అనుకుందామనుకున్నాను." వెనక చక్రం నట్టు మీద వేలు పెట్టాడు. బిగించాక కదిలితే తెలిసేలా అతను నట్టుకీ పక్క ఇనుముకీ కలిపి పసుపు రంగు గీత గీస్తాడు. ఆ గీత ఎక్కడా తెగలేదు. "ఏప్రిల్ నుంచి దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేను ఎలా బిగించానో అలాగే ఉంది. ఇనుము మీద కంపెనీవాడు చెక్కిన గుర్తులు పట్టుకుని బిగించేశాను, దారం కట్టి చూడలేదు. ఆ రోజు బయట పదకొండు బళ్ళు ఆగి ఉన్నాయి. పాత బళ్ళ మీద ఆ గుర్తులు నమ్మకూడదని నేనే అందరికీ చెబుతాను కదా!"

నా చెయ్యి పట్టుకుని టైరు మీద పెట్టాడు. ఎడమ నుంచి కుడికి తోశాడు. నున్నగా ఉంది. కుడి నుంచి ఎడమకి లాగాడు. ప్రతి గాడి అంచూ రంపంలా చేతికి తగిలింది.

"భయానికి అరిగిన టైరు ఎటు నిమిరినా నున్నగానే ఉంటుంది టీచరమ్మా. ఇది చక్రం వంకరకి అరిగింది. వాడు నాకు నోటితో కూడా చెప్పాడు, తిరగట్లేదని. ఆ రోజు చెయ్యి వెనక్కి లాగి ఉంటే చాలు. ఒక్కసారి..."

నేనేమన్నానో రాయడానికి చెయ్యి రావట్లేదు. అన్నాను: "పోనీ డెల్మోకి ఒక్కడికే చెప్పు. ఊరికెందుకు? రేపు తుక్కు బండి వచ్చేస్తుంది కదా." నా పద్యమే అలా మాట్లాడించింది.

లొరియానో నా వంక చూడలేదు. "ఆ రోజు అన్నది ఒక్కడి ముందు కాదు కదా," అన్నాడు.

తుక్కు బండి వచ్చి అన్నీ తీసుకెళ్ళింది, వెనక చక్రం మాత్రం లొరియానో ఇవ్వలేదు. ఆదివారం దాన్ని వ్యానులో వేసుకుని కనుమ మీదికి వచ్చాడు. ఆర్జియా కొట్టు ముందు, గ్లాసుల బల్ల మీద పెట్టాడు.

"ఏంటది, అమ్మకమా?" అంది ఆర్జియా. "బల్ల తుడిచి ఇప్పుడే చచ్చాను, తియ్యి!"

"తియ్యను. డెల్మోకి భయం లేదు. చక్రం నేనే వంకరగా బిగించాను. వాడు పడింది నా వల్ల."

ఒకడు చప్పట్లు కొట్టాడు.

"మంచి మనసురా నీది! పాపం వాడి పరువు కాపాడ్డానికి నెత్తిన వేసుకుంటున్నావు."

"నిజం చెబుతున్నాను."

"అవునవును, నువ్వు చక్రం వంకరగా బిగించావు, రోములో పోపుగారు పెళ్ళి చేసుకున్నారు!"

మళ్ళీ అవే నవ్వులు. లొరియానో మొహం ఇటుక రంగుకి తిరిగింది. నలభై ఏళ్ళు సంపాదించుకున్న పేరు ఇప్పుడు అతని నోరు నొక్కేస్తోంది. తప్పు చేశానంటే నమ్మేవాడు లేడు. నవ్విన మొదటివాడి మణికట్టు పట్టుకుని టైరు మీద పెట్టాడు, ఒక వైపు తోశాడు, రెండో వైపు లాగాడు. వాడి నవ్వు సగంలో ఆగింది. తర్వాత ఇంకొకణ్ణి లాక్కొచ్చాడు. ఇంకొకణ్ణి. గట్టిగా చెప్పడం లేదు, బతిమాలడం లేదు, చేతులు పట్టి పెడుతున్నాడు, అంతే. పడిపోతే టైరు గీసుకుంటుంది గాని అలా రంపంలా అరగదని వాళ్ళకీ తెలుసు. పదిమంది అయ్యేసరికి మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చి చెయ్యి పెట్టి పక్కకి వెళ్ళారు. ఆర్జియా ఆఖర్న వచ్చింది. చెయ్యి పెట్టి, "నేనూ నవ్వానురా ఆ రోజు," అని లోపలికి పోయింది.

మధ్యాహ్నం ఇద్దరం డెల్మో ఇంటికి వెళ్ళాం. అప్పటికే నలుగురు ఫోన్లు చేశారట. వాళ్ళావిడ తలుపు తీసింది గాని లోపలికి రమ్మనలేదు. మేమే వెళ్ళాం. డెల్మో చెయ్యి గుడ్డలో వేలాడేసుకుని వంటింట్లో కూర్చున్నాడు. మా ఊళ్ళో ఎవరి ఇంటికి వెళ్ళినా మాట కంటే ముందు గ్లాసు వస్తుంది. గ్లాసు రాలేదు.

లొరియానో చెప్పాల్సింది నిలబడే చెప్పాడు. నేను పద్యం గురించి ఏదో గొణిగాను. డెల్మో వినేసి తన మణికట్టు కట్టు చూసుకున్నాడు.

"నాకు భయం లేదని చెప్పావట పైన."

"అవును."

"అది అబద్ధం. నాకు భయం ఉంది, రెండు పక్కలా సమానంగా. నలభై మంది పిల్లల్ని మోసేవాడికి భయం లేకపోతే ఎలా? కానీ కుడి పక్కకి బండి తిరగట్లేదని నా చేతులకి తెలుసు లొరియానో. రెండు నెలలు చెబుతూనే ఉన్నాయి. నా చేతుల్ని నమ్మడం మానేసి నీ నోటిని నమ్మాను. అందుకు నాకు సిగ్గుగా ఉంది. నీ సిగ్గు నువ్వు చూసుకో, అది నేను మోయలేను."

లొరియానో తల ఊపాడు.

"మునిసిపాలిటీ ఆఫీసు రేపు ఎనిమిదిన్నరకి తెరుస్తారు," అన్నాడు డెల్మో. "అక్కడ కూడా చెప్పు."

సోమవారం మా ఊళ్ళో సంత. చౌకు నిండా జున్ను బళ్ళు, పీచు పళ్ళ బుట్టలు, బేరాలు. లొరియానో ఆ చక్రాన్ని భుజాన వేసుకుని మధ్యలోంచి నడిచాడు. వ్యానులో తేవచ్చు కదా అంటే, ఆఫీసు ముందు సంత రోజు వ్యాను ఆపనివ్వరన్నాడు. అది నిజమే గాని, చౌకు వెనక సందు కూడా ఉంది. ఆ సందులోంచి రమ్మని నేను అననూ లేదు. జనం బేరాలు ఆపి చూశారు. ఆదివారం సంగతి అప్పటికే కిందికి దిగింది. "ఏం లొరియానో, చక్రం నువ్వు మోస్తున్నావా, నిన్ను అది మొయ్యాలి కదా!" అని చేపల బండి దగ్గర ఎవరో అన్నారు. అతను ఆగి, వాడికి కూడా మొత్తం చెప్పాడు, మొదట్నించి. పళ్ళ బండి దగ్గర ఇంకోసారి చెప్పాడు. అడిగిన ప్రతివాడికీ చెప్పాడు. వంద అడుగుల దూరానికి అరగంట పట్టింది.

డెల్మో పక్కనే నడిచాడు, చెయ్యి గుడ్డలో వేలాడేసుకుని. లొరియానోతో మాట్లాడలేదు, అతని కన్నా ముందుకీ పోలేదు. లొరియానో ఆగిన ప్రతిచోటా తనూ ఆగాడు, చెబుతున్నంతసేపూ నేల చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళ వెనక నేను సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను. గుమాస్తా కిటికీ తెరిచి ముగ్గుర్నీ, చక్రాన్నీ చూసి, ఎవరు ముందు అని అడిగాడు.

"నేను," అన్నాడు లొరియానో. చక్రం బల్ల మీద దింపాడు.