మూడో అంకంలో ఆగని మనిషి

తాళ్ల మేస్త్రికి విషాద నాటకాలంటే బొత్తిగా గౌరవం లేదు. ఆయన బతుకంతా ఆ నాటకశాలలో స్టేజీకి పైన, తెరలూ అడ్డకర్రలూ వేలాడే చెక్క నడవ మీదే గడిచింది. అక్కడి నుంచి చూస్తే ఎంతటి మహారాజైనా ఒక నడినెత్తి, రెండు భుజాలు, అంతే. కిరీటం మధ్యలోంచి చెమటపట్టిన బట్టతల కనిపిస్తుంటే భక్తి ఎక్కడి నుంచి పుడుతుంది?

రిహార్సల్లో డైరెక్టరు నటుల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేవాడు. "విషాద నాయకుడు దుర్మార్గుడు కాదమ్మా. దుర్మార్గుడు పడిపోతే జనం చప్పట్లు కొట్టి ఇంటికెళ్తారు. వీడు మనకంటే కాస్త మంచివాడే. ఆ మంచితనంలోనే ఎక్కడో ఒక పొరపాటు ఉంటుంది. అది వాడికి తప్ప అందరికీ కనిపిస్తుంటుంది. మొదట్లోనే నలుగురి ముందూ ఒక మాట ఇచ్చేస్తాడు. మూడో అంకంలో అయినవాళ్ళెవరో చెయ్యి పట్టుకుని ఆపుతారు. ఆగడు. అక్కణ్ణుంచి ఇక జారుడే."

"ఆ మూడో అంకంలోనే నోరు మూసుకుని ఇంటికెళ్ళి పడుకుంటే సరిపోయేదిగా, వెధవ!" అని పైనుంచి మేస్త్రి గొంతు వినబడేది.

"అప్పుడు జనానికి టికెట్టు డబ్బులు వాపసివ్వాలి మేస్త్రీ. నువ్విస్తావా?"

అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. పోనుపోను అది ఆ నాటకశాలలో సామెతే అయిపోయింది. క్యాంటీన్లో ఎవరైనా వాదన సాగదీస్తుంటే "మూడో అంకంలో ఆగవయ్యా" అనేవాళ్ళు.

మేస్త్రి గొప్ప పనివాడు. చిక్కేమిటంటే ఆ సంగతి ఆయనకు కాస్త ఎక్కువగా తెలుసు. ముడి వేసేటప్పుడు తాడు వంక చూడనే చూడడు. ఖాళీ కుర్చీల వైపు చూస్తూ, ఏదో కూనిరాగం తీస్తూ కట్టేస్తాడు. "బిగిసిందో లేదో తాడే చేతికి చెబుతుంది. కళ్ళతో చూసి కట్టేవాడు బూటు లేసు కట్టుకోవడానికి పనికొస్తాడు" అనేవాడు. ఆ మాట ముఖ్యంగా బావమరిదికి తగలాలని. భార్య తమ్ముడైన ఆ మనిషికి పని నేర్పింది ఆయనే. ఏ పనైనా రెండుసార్లు చూసుకుంటాడని "నత్త" అని పేరు పెట్టిందీ ఆయనే. మేస్త్రి భార్య అక్కడే వేషాలకు బట్టలు కుడుతుంది. నత్త కాపురం వాళ్ళ పక్క వాటాలోనే. రెండిళ్ళ పొయ్యీ ఆ నాటకశాల మీదే వెలుగుతుంది.

కొత్త నాటకం రిహార్సల్ జరుగుతుండగా, కోటగోడ బొమ్మ గీసిన తెర అడ్డకర్రతో సహా ఊడి దబ్బున స్టేజీ మీద పడింది. రాణి వేషం అమ్మాయి ఒక్క అడుగు పక్కకు వేసింది కాబట్టి తల దక్కింది. భుజం ఎముక విరిగింది. ఆ అమ్మాయి పెట్టిన కేక విని కుట్టుగదిలో మిషన్లన్నీ ఆగిపోయాయి.

ఆమెను ఆసుపత్రికి పంపించాక మేనేజరు నుదురు తుడుచుకుంటూ, "తాడు పాతబడిపోయుంటుంది. ప్రమాదం. ఇంతటితో వదిలేద్దాం" అన్నాడు.

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. "పాత తాడా? మొన్ననే నేను మార్చాను. తాడు తెగలేదు బాబూ, ముడి జారింది. ఎవరి చెయ్యి వల్ల జారిందో నేను తేలుస్తా. ఎవరిదైనా సరే, ఆ చెయ్యి మళ్ళీ ఈ స్టేజీ మీద తాడు ముట్టుకోదు. నా ఇంటివాడైనా సరే!"

తాళ్ళు ముట్టుకునేది ఇద్దరే. మేస్త్రి ముడి జారడమంటే సూర్యుడు పడమట పొడవడమే. అందుకని అందరి కళ్ళూ నత్త మీదికే వెళ్ళాయి. పైగా ఆ రోజు పొద్దున జరిగింది అందరూ చూశారు. ఆ కోటగోడ తెరకు మేస్త్రి కట్టిన తాడు మీద నత్త చెయ్యేసి ఉండగా మేస్త్రి పట్టుకున్నాడు. "నా ముడికి నువ్వు కాపలానా? దిగు కిందికి!" అని నటులందరి ముందూ దులిపేశాడు. అంటే, వీడు ముడి విప్పి వదులుగా కట్టి, తిట్లు తిని, అలాగే దిగిపోయుంటాడు. లెక్క సరిపోయింది.

"ఆ తాడెందుకు ముట్టుకున్నావురా?" అని నిలదీశాడు మేస్త్రి.

నత్త, కుట్టుగది గుమ్మంలో నిలబడ్డ అక్క వైపు ఒకసారి చూశాడు. తర్వాత నేల చూపులు చూశాడు. "ఏం చెప్పమంటావు బావా."

మౌనం అర్ధాంగీకారం అన్నారు నలుగురూ. మేస్త్రి మాత్రం సగం అంగీకారంతో సరిపెట్టుకునే మనిషి కాదు. మర్నాడు అందరి ముందూ పరీక్ష పెడతానన్నాడు. ఇద్దరూ చెరో ముడి వెయ్యాలి, ఇసుకమూటలు వేలాడదియ్యాలి. తప్పు చేసే చెయ్యి అక్కడే తేలిపోతుంది.

సాయంత్రం ఇంట్లో భార్య టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. పొగలు కక్కుతున్న ఆ గ్లాసును ఆయన గుప్పిట్లో పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాడు. ఆవిడ ఆయన ముఖం చూడలేదు, గ్లాసు చుట్టూ ఉన్న ఆ వేళ్ళనే చూసింది. ఏడాదిగా ఆయన చొక్కా గుండీలు పెడుతున్నది ఆవిడే. గుండీలు చిన్నవి కుట్టావని ఆయన విసుక్కునేవాడు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్న సంగతి ఆయనకు తెలియక కాదు. చలికి అనుకునేవాడు, వయసుకి అనుకునేవాడు.

"ఏమండీ, ఇక వదిలెయ్యండి."

"తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నావా?"

"వాడి కోసం కాదు."

"మరెవరి కోసమే?"

చేతుల మీద బతికిన మనిషితో ఆ చేతుల మాట ఆవిడ ఎలా ఎత్తుతుంది? "మూడో అంకంలో ఆగమని ఊరందరికీ మీరే చెబుతారుగా. ఈ ఒక్కసారి మీరు ఆగండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

మేస్త్రి చేతిలోని గ్లాసు వంక ఒక్క క్షణం చూశాడు. అయినా తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు ఆగితే వాడి మీద మచ్చ జన్మంతా ఉండిపోతుంది. తప్పు చేస్తే పోవాలి. చెయ్యకపోతే తలెత్తుకు తిరగాలి. ఏదీ తేలకుండా వాణ్ణి ఊరికే నలిపెయ్యడం న్యాయమా?"

ఇంత మంచి మాటకు ఎవరైనా ఏం ఎదురు చెబుతారు? ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు స్టేజీ మధ్య ఖాళీ చేయించి అందరూ చుట్టూ నిలబడ్డారు. నత్త నిచ్చెన ఎక్కలేదు. "పరీక్షొద్దు బావా. తప్పు నాదే. నేను పోతాను."

మేనేజరు హమ్మయ్య అనుకున్నాడు. "ఒప్పుకున్నాడుగా మేస్త్రీ, ఇంకెందుకు?"

అక్కడితో ఆగి ఉంటే మేస్త్రి మేస్త్రిగానే ఉండేవాడు. ఆగలేదు. "నేను నేర్పిన చెయ్యి అది. ఎక్కడ తప్పిందో నేను చూడాలి. ఎక్కరా!"

నత్త ముందు కట్టాడు. చూసి కట్టాడు, కట్టి మళ్ళీ చూశాడు. తర్వాత మేస్త్రి, ఎప్పటిలాగే కుర్చీల వైపు చూస్తూ, చకచకా ముడి వేసి చెయ్యి దులుపుకున్నాడు. రెండు మూటలూ గాలిలో నిలిచాయి. కుట్టుగది గుమ్మంలో ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

నత్త మూట కదల్లేదు. మేస్త్రి తాడు కిర్రుమంది, జానెడు జారింది, ఆ తర్వాత ఒక్కసారిగా ముడి విడిపోయి మూట స్టేజీ మీద పగిలింది. ఇసుక డైరెక్టరు కాళ్ళ దాకా చిమ్మింది.

మేస్త్రి మొదటిసారిగా తన ముడి వంక చూశాడు. మెలిక లోంచి దూరి బిగియాల్సిన కొస అసలు దూరనేలేదు. దూరిందనే ఆయన అనుకున్నాడు. తాడు ఎప్పటిలాగే చెప్పి ఉంటుంది. వినాల్సిన వేళ్ళే వినలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు మేస్త్రి.

"ఏడాది పైనే బావా. నువ్వు కట్టి దిగాక రోజూ ఎక్కి బిగించేవాణ్ణి. ఆ రోజు..."

"ఆ రోజు నేనే తిట్టి దించేశాను."

కింద ఎవరో దగ్గారు. మేనేజరు ఏదో సర్దిచెప్పబోతుంటే మేస్త్రి చెయ్యెత్తి ఆపాడు. "నేనన్న మాట అందరూ విన్నారు." నడుముకున్న, పనిముట్లు వేలాడే తోలు పటకా విప్పబోయాడు. కొక్కెం ఊడిరాలేదు. నత్త ఏడుస్తూ విప్పాడు. దాన్ని నత్త చేతిలోనే ఉంచేసి, "ఇక నువ్వే మేస్త్రివిరా. ప్రతిదీ రెండుసార్లు చూడు" అన్నాడు. ఒక్కో మెట్టూ చూసుకుంటూ నిచ్చెన దిగాడు.

అటు నుంచి అటే ఆసుపత్రికి వెళ్ళి ఆ అమ్మాయి మంచం పక్కన నిలబడి, "నా చెయ్యేనమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి కాసేపు ఆయన్ని చూసి, ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఆయన వెనక్కి వచ్చేశాడు.

రాణి వేషానికి వేరే అమ్మాయి వచ్చింది. మొదటి ప్రదర్శన నాడు భార్య బలవంతం మీద మేస్త్రి చివరి వరసలో కూర్చున్నాడు. ఆ నాటకశాలలో ఆయన కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. మూడో అంకం వచ్చింది. మూసిన తలుపుకు అడ్డంగా రాణి నిలబడి, తెరవొద్దని రాజును బతిమాలుతోంది. పైనుంచి చూసినన్నాళ్ళూ ఆయనకు రాజు నెత్తే కనిపించింది. ఇప్పుడు ముఖం కనిపించింది. రాజు భయపడుతున్నాడు. తలుపు వెనక ఏముందో వాడికి సగం తెలుసు. తెలిసే గొళ్ళెం మీద చెయ్యేస్తున్నాడు.

పక్కనున్న భార్య, ఆయన ఇప్పుడు "వెధవ" అంటాడేమోనని చూసింది. ఆయన అనలేదు. "తెరువు నాయనా" అన్నాడు, తనకే వినబడేంత మెల్లగా.

తలుపు తెరుచుకుంది. పైన నత్త వదిలిన నల్ల తెర రాజు వెనకగా మెత్తగా, ఎక్కడా తడబడకుండా దిగింది. మేస్త్రి కళ్ళు తుడుచుకోవాలని చెయ్యి ఎత్తబోతే అది లేవలేదు. కిందికి చూశాడు. ఆయన వేళ్ళ చుట్టూ భార్య వేళ్ళు గట్టిగా బిగిసి ఉన్నాయి. ఎప్పుడు పట్టుకుందో ఆయనకు తెలియదు. చూస్తే గాని తెలియలేదు. స్టేజీ మీద రాజు ఏడుస్తున్నా మళ్ళీ తల ఎత్తకుండా, ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు.