మొవ్వు కొట్టిన తాడి

నా చిన్నప్పుడు మా ఊరి మొత్తం మీద పొడుగైనవి మూడే: చర్చి గోపురం, ఇసుక దిబ్బ మీది పెద్ద తాడిచెట్టు, నేను. మొదటి రెండింటినీ జనం తలెత్తి గౌరవంగా చూసేవారు. నన్ను తలెత్తి చూసి నవ్వేవారు. ఐదో తరగతికే మా టీచరమ్మ కంటే జానెడు ఎత్తుండేదాన్ని. బోర్డు పై అంచు తుడవాలంటే నేను, ఫ్యాను మీద బూజు దులపాలంటే నేను. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ "ఇంత పొడుగు పిల్లకి మొగుణ్ని ఎక్కణ్నించి తెస్తావే?" అని అడగడం, మా అమ్మ ప్రతిసారీ కొత్తగా దిగులుపడడం. నేను మాత్రం అప్పటికింకా పలుపు తెంచుకున్న దూడల వెంట పరిగెత్తే వయసులోనే ఉన్నాను.

మంగినపూడి దాటాక ఆటో దిగి ఉప్పుటేరు గట్టు వెంట నడిస్తే మా ఊరు. ఊరికి తూర్పున ఆ ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటుని మొగ అంటాం. వేటకెళ్లిన పడవ ఇంటికి రావాలంటే మొగలోంచే రావాలి. ఆ దారి సన్నం. దానికి దక్షిణంగా నీళ్ల కింద ఇసుక తిప్ప ఉంది. గాలి రోజున కెరటాలు దాని మీదే విరుగుతాయి. పడవ అటు తప్పిందంటే బోర్లాపడ్డమే. సముద్రంలోంచి చూసేవాడికి నీళ్ల కింద ఏముందో తెలియదు కాబట్టి, మావాళ్లు ఒడ్డు మీద ఎత్తుగా ఉన్నవాటిని చూసుకుని వస్తారు. దిబ్బ మీది పెద్ద తాడి తల, వెనకాల చర్చి గోపురం మీది సిలువ, రెండూ ఒకదాని మీదికి ఒకటి వచ్చేదాకా పడవని పక్కకి జరుపుతారు. రాగానే ఇంజను జోరు పెంచి నేరుగా వచ్చేస్తారు. మా వీధివాళ్లందరం వేటకి బయల్దేరేటప్పుడు గంగమ్మకి మొక్కేవాళ్లం. ఇంటికి రావడానికి మాత్రం సిలువ కావాల్సి వచ్చేది. దీని గురించి దేవుళ్లకి లేని పట్టింపు మాకెందుకని ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. కబురు తెలిసిన పడవలు మధ్యాహ్నానికే వచ్చేశాయి. మా నాన్న పడవ రాలేదు. ఫోను పాలిథిన్ కవర్లో చుట్టి మొలలో దోపుకుని వెళ్లాడుగానీ, ఒడ్డు దాటితే దానికి సిగ్నలుండదు. అమ్మ దిబ్బ మీదికీ ఇంటికీ తిరుగుతోంది. నాయనమ్మ అరుగు మీద కూర్చుని, వేటకెళ్లినవాళ్లని తలుచుకుంటూ కంటతడి పెట్టకూడదని అందరికీ చెప్తూ తను పెట్టుకుంటోంది.

అలాంటి సమయంలో పెద్ద తాడి కూలిపోయింది. గాలి ఒక్కసారి మెలితిరిగింది, వేళ్లతో సహా ఒరిగింది, అంతే. ఎన్ని తుపాన్లకో నిలబడ్డ చెట్టు అది. పడడానికి ఆ పూటే దొరికింది దానికి.

మగవాళ్లంతా దిబ్బ మీద చేరి తలా ఒకటి మాట్లాడడం మొదలుపెట్టారు. పడవేసుకుని ఎదురెళ్దామంటే మొగ దగ్గర సముద్రం లేచి కొడుతోంది. వెదురుబొంగుకి ఎర్ర చీర కట్టి చెట్టున్న చోట పాతారు. గాలికి అది విల్లులా వంగి, చీర ఇసుకలో కొట్టుకుంది. అప్పుడెవరో నన్ను చూసి "ఈ పిల్లని ఎక్కించండ్రా, తాడికి తోడబుట్టినట్టుంటది" అన్నారు. నాకు కోపం రాలేదు. నాన్న కోసం ఒక్కసారైనా నా పొడుగు పనికొస్తుందేమోనని ఆ చీర లాక్కుని, అన్నిటికంటే ఎత్తుగా కనబడుతున్న ఇసుకగుట్ట ఎక్కి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను.

అమ్మ నన్ను చూడలేదు. నా వెనక్కి చూస్తోంది. దక్షిణంగా, కాస్త దూరంలో, ఇంకో తాడిచెట్టు ఉంది. పెద్దదాని పక్కన ఎప్పుడూ పొట్టిదాన్లా కనబడేది కాబట్టి దాన్నెవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు దిబ్బ మీద అదొక్కటే నిలబడి ఉంది.

"అమ్మో," అంది అమ్మ. "ఇంక వాళ్లకి అదే కనబడుద్ది."

వానమబ్బులో సముద్రంలోంచి చూస్తే ఒడ్డు ఒక బూడిద గీత. దాని మీద లేచి కనబడేవి తాడి తల, గోపురం, అంతే. పొద్దున వదిలివెళ్లిన చెట్టు సాయంత్రానికి లేకుండా పోతుందని ఎవరనుకుంటారు? కనబడ్డ తాడినే పెద్ద తాడనుకుంటాడు నాన్న. దాన్ని సిలువ మీదికి తెచ్చుకుంటాడు. ఇంజను జోరు పెంచి, ఇంటికొచ్చేశామన్న ధీమాతో, నేరుగా తిప్ప మీదికి వస్తాడు.

ఆ చెట్టు తల నరికేస్తే తప్ప వేరే దారి లేదు. అది మా గీత మావయ్యది. కల్లు గీస్తాడు కాబట్టి గీత మావయ్య. వరసకి మావయ్యేగానీ మా రెండిళ్లకీ మాటల్లేవు. ఏదో పెళ్లిలో భోజనాల దగ్గర మా నాన్న విస్తట్లో మాంసం ముక్కలు తక్కువ పడ్డాయి. వడ్డించింది మావయ్య. అంతకుమించి ఏమీ లేదు. దాని మీద రెండు కుటుంబాలు ఏళ్ల తరబడి ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటూ బతికాయి. దేశాల మధ్య యుద్ధాలైనా ఇంత నిష్ఠగా జరగవు.

అమ్మ ఆ గడప తొక్కింది. నేను వెనకాలే ఉన్నాను. మావయ్య గుమ్మంలో కూర్చుని వాన చూస్తున్నాడు.

"అన్నయ్యా," అంది అమ్మ. తర్వాత మాట రాలేదు. చేత్తో దిబ్బ వైపు చూపించింది.

అత్తకి వచ్చింది మాట. "ఏం వదినా, ఇన్నాళ్లకి దారి కనబడిందా మా ఇంటికి? దాని తల నరికితే వేసవిలో మేం ఏం గీసుకోవాలి, గాలినా? ఉన్నవాటిల్లో కాస్త కల్లు పారేది అదొక్కటే!"

అత్త మాటలో అబద్ధం లేదు. అమ్మ అక్కడే తడి నేల మీద కూలబడింది.

మావయ్య మాత్రం ఆకాశం చూసి, "వెలుతురు ఎంతోసేపుండదు," అన్నాడు. చూరులోంచి కత్తి తీశాడు. నడుముకు చుట్టుకుని చెట్టెక్కే మోకు భుజాన వేసుకున్నాడు. "గాలి చూశావా? నీకేమన్నా అయితే?" అని అరిచింది అత్త. "నువ్వు అరవడం ఆపితే సగం గాలి తగ్గుద్ది," అన్నాడు, మెట్టు దిగుతూ.

దిబ్బ దగ్గర ఆయనకి నేనడ్డం వచ్చాను. చీర ఇంకా నా చేతిలోనే ఉంది. ఏదో ఒకటి చెయ్యాలని మళ్లీ గుట్టెక్కి ఊపుతున్నాను. ఆయన వచ్చి చీర లాగేసుకున్నాడు.

"దిగవే కిందకి."

"నాన్నకి కనబడాలి మావయ్యా!"

"కనబడతావు. నిన్ను చూసుకుని ఎటొస్తాడో తెలుసా? తెలీదుగా? మరి దిగు. ఎక్కడ పడితే అక్కడ ఎత్తుగా నిలబడకూడదు."

నేను దిగాను. నా జీవితంలో పొడుగు గురించి విన్న మాటల్లో వెక్కిరింత లేనిది అదే మొదటిది. అది కూడా తిట్టే.

ఆయన ఎక్కుతుంటే చూడలేకపోయాం, చూడకుండానూ ఉండలేకపోయాం. చెట్టు ఊగినప్పుడల్లా మోకు పట్టుకుని మానుకి కరుచుకుపోయేవాడు. గాలి కాస్త తగ్గగానే మళ్లీ ఓ జానెడు పైకి. అత్త తిట్లు మానేసి కొంగు నోట్లో కుక్కుకుంది. పైకి చేరాక మట్టలు ఒక్కొక్కటే కిందికి రాలడం మొదలైంది. గాలి వాటిని పట్టుకుని ఇళ్ల మీదికి విసిరింది. అన్నీ అయిపోయాక నడిమధ్యన లేత మొవ్వు ఒక్కటి మిగిలింది, ఈటెలాగ నిటారుగా. అదుంటే చెట్టు మళ్లీ చిగురిస్తుంది. అది పోతే చెట్టు పోయినట్టే.

"చాలన్నయ్యా! ఆ మొవ్వు ఉండనీ!" అని అమ్మే అరిచింది. ఆయన సముద్రం వైపు తిరిగి కాసేపు చూశాడు. పైనుంచి ఆయనకేం కనబడిందో నాకు తెలియదు. తర్వాత కత్తి ఎత్తి ఆ మొవ్వు కూడా కొట్టేశాడు.

దిగాక అరచేతులు చెక్కుకుపోయి ఉన్నాయి. నేను అడిగాను, "ఇప్పుడు అసలు ఏ చెట్టూ లేదుగా మావయ్యా, నాన్న ఎట్లా వస్తాడు?"

"రాడు," అన్నాడు. "ఏదీ కనబడకపోతే అనుమానం వచ్చి బయటే ఆగుతాడు. ఆగినోడు బతుకుతాడు."

ఆ రాత్రి సంగతి రాయడానికేం లేదు. ఎవరూ పడుకోలేదు. ఆగుంటాడు, ఆగుంటాడు అని నాయనమ్మ ఒక్కతే గోడతో చెప్తూ కూర్చుంది. ఆగే చోట కూడా కెరటాలుంటాయని అందరికీ తెలుసు.

తెల్లారి గాలి పడ్డాక, నీళ్లు కాస్త తేటపడ్డాక, నాన్న పడవ గెడతో లోతు చూసుకుంటూ, నత్తలాగా మొగలోంచి వచ్చింది. నాన్న దిగి మమ్మల్ని ఒక్కొక్కళ్లనే తడిమాడు. అమ్మని, నాయనమ్మని, నన్ను. ఆయన ఏడుస్తున్నాడు. మేం ఆయన పోయాడేమోనని ఏడిస్తే, ఆయన మేం పోయామేమోనని ఏడ్చాడట. "సిలువ కనబడింది. దిబ్బ మీద ఒక్క తలా లేదు. ఉప్పెనొచ్చి ఊరు ఊడ్చుకుపోయిందనుకున్నాం," అన్నాడు. రాత్రంతా లంగరేసుకుని మా అందరికీ కర్మకాండలు చేసేసుకున్నట్టే కూర్చున్నారు ఆ పడవలో.

సంగతి తెలిశాక నాన్న నేరుగా మావయ్య ఇంటికి వెళ్లాడు. సినిమాల్లోలాగా కావలించుకుంటారని నేను ఎదురుచూశాను. నాన్న గుమ్మంలోనే నిలబడి, "బంగారం లాంటి చెట్టు కొట్టేశావు బావా," అన్నాడు. మావయ్య, "అవును. నీకంటే అదే మేలు చేసింది నాకు," అన్నాడు. అత్త రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. నాన్న గ్లాసులోనే కాస్త ఎక్కువుంది. నేను చూశాను.

అంతటితో అంతా బాగైపోయిందని చెప్పలేను. ఆ వేసవిలో మావయ్య గీతకి పోలేదు, నాగాయలంక వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలాకి వెళ్లాడు. ఇంటికొచ్చేది ఎప్పుడో ఒకసారి. నాన్న వేటనుంచి తెచ్చిన మంచి చేప ఆ ఇంటికే వెళ్లేది. అత్త తీసుకునేది, మాట్లాడేది కాదు. తల లేని ఆ తాడి మాను మాత్రం చాలా ఏళ్లు అలాగే నిలబడింది. అమ్మ నీళ్లకి వెళ్తే దాన్ని చూడలేక చుట్టుదారిలో వెళ్లేది. ఇప్పుడు అక్కడ సెల్ టవరుంది, పడవల్లో దారి చూపే పెట్టెలున్నాయి.

నేనిప్పుడు గుడివాడలో టీచర్ని. పొడుగ్గా ఉన్నవాళ్లకి అన్నీ తెలుసని జనానికెందుకో గట్టి నమ్మకం. హెడ్‌మాస్టారు పక్కనే ఉన్నా, ఆయన్ని వదిలేసి నన్నే అడుగుతారు. మొన్నొకామె, మొవ్వ దగ్గర పల్లెటూరి నుంచి, టెన్త్ పాసైన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. "ఏ గ్రూపులో చేర్చమంటారు మేడమ్? మీరేది చెప్తే అదే," అంది. ఆ పిల్ల నా క్లాసులో ఒక్కరోజు కూడా కూర్చోలేదు. అయినా నా నాలుక చివర సమాధానం తయారుగానే ఉంది, నిటారుగా, దూరానికి కూడా బాగా కనబడేట్టు. తల్లీకూతుళ్లిద్దరూ తలెత్తి నా మొహంలోకే చూస్తున్నారు.

ఆ సమాధానం మొవ్వు కొట్టేశాను. "నాకు తెలీదండీ," అన్నాను. "పాపతో మాట్లాడి, కనుక్కుని చెప్తాను. అందాకా ఎక్కడా చేర్చకండి. ఆగండి."